నలభై అయిదు ఎవరి రొట్టె?

కొత్వాల్‌గూడ,
జూన్ 18, బుధవారం

నా ఉడుతా,

అమ్మ రాస్తున్నది. చేతిరాత చూసి నవ్వకు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఫోన్‌లో మాట్లాడదామంటే నువ్వు "అమ్మా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఇగ ఇద్దరం ఏడుస్తాం. ఆదివారం అట్లనే అయిపోతుంది, నీ ఫోన్ మళ్లీ వార్డెనమ్మ బీరువాలోకి పోతుంది. అందుకే బాపుతో కాగితాలు తెప్పించుకున్నాను. నువ్వు కూడా రాయి. ఏడుపొస్తే పెన్ను పక్కన పెట్టి, ఏడ్చి, మళ్లీ రాయొచ్చు.

నా పని సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. విమానాలకు తిండి పంపే కిచెన్‌లో నన్ను డబ్బాల దగ్గర వేశారు. ఉప్మా డబ్బాకు మూత పెట్టి కాగితం అంటించాలి. ఆ కాగితం మీద ఇన్ని కేలరీలు, ఇంత పిండి పదార్థం, ఇంత కొవ్వు అని ఉంటుంది. ఆరు నెలల నుంచి అంటిస్తున్నాను కానీ పోయిన వారమే కూడబలుక్కొని చదివాను. చదివాక నా పక్కన నిలబడే కౌసల్యమ్మను అడిగాను, "అక్కా, గీ అంకెలు ఎవరు లెక్కవెట్టిండ్రు?" అని.

"ఉప్మాల దిగి లెక్కవెట్టినోడు ఎవడో! నీకెందుకే అనంతమ్మా? అంటియ్యి, బెల్టు ఆగుతున్నది" అన్నది.

నాకెందుకో నీకు తెలుసు. తెలిసిందే అయినా రాస్తాను, రాస్తే నాకు సమజవుతుంది. మీ అన్న జగ్గు పదకొండేళ్లప్పటి నుంచి ఇన్సులిన్ సూది మీద బతికిన పిల్లగాడు. తినే ముందు పళ్లెంలో పిండి పదార్థం ఎంతుందో చూసుకొని, దానికి తగ్గ సూది వేసుకోవాలి. ఉన్నదానికన్నా ఎక్కువ అనుకుంటే సూది ఎక్కువవుతుంది, షుగర్ పడిపోతుంది. విమానాశ్రయంలో కార్గో డ్యూటీ దిగి వస్తూ వాడు బండి మీది నుంచి పడిపోయింది షుగర్ పడిపోయే అని దవాఖానలో చెప్పారు. సెప్టెంబరు వస్తే వాడు పోయి ఏడాది.

ఆ రోజు పొద్దున వాడు నాతో ఒక మాట అన్నాడు. "అమ్మా, జొన్నరొట్టెకు నలభై అయిదు అని ఫోన్ల ఉన్నది. నీ రొట్టె గంతుంటదా?" అని. నేనేదో అన్నాను. వాడు పోయాడు.

ఇప్పుడు ఆ మాట నన్ను వదలడం లేదు. ఆ ఫోన్ మన పొయ్యి దగ్గరికి ఎన్నడూ రాలేదు, నా రొట్టె తినలేదు. మరి ఒక రొట్టెలో పిండి పదార్థం నలభై అయిదు గ్రాములని దానికి ఎవరు చెప్పారు? ఎవరినీ తిట్టడానికి కాదు బిడ్డా. తెలుసుకుంటే నాకు నిద్ర పడుతుందేమో అని. అన్న ఫోన్ నీ దగ్గరే ఉన్నది కదా, జర చూసి చెప్పు.

ఇంకొకటి. నీ రూములో ఉండే మంజుల, వాళ్లమ్మతో అన్నదట, నువ్వు పొద్దున ఒక ఇడ్లీ తిని లేస్తున్నావని, అన్నం కెలికి పారేస్తున్నావని. నిజమేనా? నాకు ఇప్పుడు ఉన్నది నువ్వొక్కదానివే.

మీ అమ్మ,
అనంతమ్మ


మహబూబ్‌నగర్, నర్సింగ్ హాస్టల్,
జూన్ 29

అమ్మా,

నీ ఉత్తరం వార్డెన్ మేడం అందరి ముందు ఇచ్చింది. "ఈ కాలంలో కూడా ఉత్తరాలా?" అని అందరూ చూశారు. నీ అక్షరాలు బాగానే ఉన్నాయి.

మంజుల మాటలు పట్టించుకోకు. దానికి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు. నేను బాగానే తింటున్నాను. సోమవారం మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, బెండకాయ, రాత్రి చపాతీలు మూడు. మంగళవారం ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు. గురువారం పూరీలు నాలుగు, మధ్యాహ్నం కోడికూర. రోజూ ఇట్లాగే. నువ్వు పరేషాన్ కావద్దు.

అన్న ఫోన్ పెట్టె అడుగున ఉంది. ఛార్జింగ్ లేదు. ఆ అంకె సంగతి ఇప్పుడెందుకమ్మా? తెలిసినా ఏం మారదు. బాపు కాలు నొప్పి ఎట్లా ఉంది? మోకాలికి కాపడం పెట్టమను.

నిర్మల


కొత్వాల్‌గూడ,
జూలై 20

ఉడుతా,

బాపు కాలు బాగానే ఉంది. కాపడం పెట్టుకోమంటే "నర్సమ్మ పెద్ద డాక్టరయింది" అని నవ్వాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు.

ఏం మారదు అన్నావు. కానీ బిడ్డా, నాకు అడగడం అలవాటైంది. మా కిచెన్‌లో పూర్ణిమ మేడం అని ఒకామె ఉన్నది, తిండి సరిగ్గా ఉందో లేదో చూసేది ఆమే. భీమవరం వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది. చాయ్ వేళకు పోయి అడిగేశాను. కౌసల్యమ్మ వెనక నుంచి నా కొంగు పట్టి గుంజుతూనే ఉంది.

"మీరు అడిగింది చాలా మంచి ప్రశ్నండీ అనంతమ్మగారూ. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు" అన్నది మేడం.

ఆమె చెప్పినంత రాస్తాను, తప్పుంటే నువ్వు దిద్దు, నువ్వు చదువుకుంటున్నావు. కొన్ని తిండ్లను పరీక్షకు పంపి చూస్తారట. మిగతావాటికి రవ్వ ఎంత, నూనె ఎంత, పల్లీలు ఎంత వేశారో తూకం రాసుకొని, ఒక పట్టిక చూసి లెక్క కడతారట. అంటే మూకుడులో పడ్డదాన్ని బట్టి డబ్బా మీద రాస్తారన్నమాట. ఇంకో సంగతి, ఆ పెద్ద అంకెలు చాలాసార్లు నూరు గ్రాములకు రాసినవి. డబ్బాలో ఎనభై ఉంటే మనం తగ్గించుకోవాలి. పొడి ఉప్మాకు రాసింది వేరు, నీళ్లు పోసి ఉడికించాక తూగేది వేరు. ఈ మూడింటిలో ఒకటి మరిచినా లెక్క ఎటో పోతుందట.

"అంకె అబద్ధమో నిజమో నాలాంటిది ఎట్ల పట్టుకోవాలె మేడం?" అన్నాను.

ఆమె ఒక కిటుకు చెప్పింది. పిండి పదార్థాన్ని నాలుగుతో, మాంసకృత్తులను నాలుగుతో, కొవ్వును తొమ్మిదితో గుణించి, మూడూ కలిపితే కేలరీల దగ్గరికి రావాలట. రాకపోతే ఎక్కడో తప్పు రాశారని అర్థం. ఇంటికొచ్చి బాపు తెచ్చిన బిస్కెట్ పుడ కాగితం మీద చేసి చూశాను. తొమ్మిదో ఎక్కం మరిచిపోయాను, వేళ్ల మీద చేశాను. రెండే తేడా వచ్చింది! "రెండు తేడా పర్వాలేదండీ, చిల్లర అంకెలు వదిలేస్తారు" అన్నది మేడం మరునాడు. ఇగ నన్ను ఎవరు ఆపుతారు? ఉప్పు పాకెట్ తప్ప ఇంట్లో ఉన్న ప్రతి పుడా చూశాను.

ఇది చూసి కౌసల్యమ్మకు రోషం వచ్చింది. "నా గరిటె ముందల మీ కాంటాలెంత? నూట ఎనభై అంటే నూట ఎనభయ్యే" అని పందెం కట్టింది. మేడం ముందే మూడు గరిటెలు ఉప్మా తీసి కాంటా మీద పెట్టింది. నూట డెబ్బై ఎనిమిది, నూట ఎనభై మూడు, మూడోది సరిగ్గా నూట ఎనభై. కౌసల్యమ్మ కాంటాకు దండం పెట్టింది, అందరం నవ్వాం. ఏడేళ్లు కాంటా చూసి చూసి నేర్చిన చెయ్యి అది. నా చెయ్యికి కాంటా ముఖం తెలియదు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. నువ్వు రాసిన తిండి కూడా అట్లాగే చూశాను, ఏమనుకోకు. గురువారం కోడికూర అన్నావు. మంజుల వాళ్లమ్మ కోళ్లు అమ్మే దగ్గర కలిసింది. మీ హాస్టల్‌లో కోడి ఆదివారమే పెడతారట. నువ్వు రాసింది తిన్న లెక్క కాదు బిడ్డా, వండకముందే డబ్బాకు అంటించిన కాగితం.

కోపం లేదు. చిన్నప్పుడు పల్లీలు లాగులో దాచుకొని, ఏమీ లేవని రెండు చేతులూ చూపించేదానివి. బుగ్గలు మాత్రం ఉబ్బి ఉండేవి. అందుకే కదా నీకు ఉడుత అని పేరు పెట్టింది మీ అన్న. ఇప్పుడు బుగ్గలు కూడా ఖాళీగా ఉన్నాయని నా భయం.

అన్న ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టు. ఆ నలభై అయిదు పక్కన కొవ్వు ఎంత, మాంసకృత్తులు ఎంత ఉన్నాయో రాసి పంపు. నేను గుణించి చూస్తాను.

అమ్మ


మహబూబ్‌నగర్,
ఆగస్టు 17

అమ్మా,

గురువారం కోడికూర అబద్ధమే. ఇగ నీకు అబద్ధం రాయను. పొద్దున ఇడ్లీ ఒకటో ఒకటిన్నరో తింటున్నాను. మధ్యాహ్నం సగం అన్నం. ఆకలి కావడం లేదు, అంతే. ఇది నిజం లెక్క.

నీ కిటుకు మా క్లాసులో చెప్పాను. మా మేడం "ఎవరు చెప్పారు?" అని అడిగితే "మా అమ్మ" అన్నాను. "మీ అమ్మ ఏం చదివింది?" అన్నది. ఐదో తరగతి అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆదివారం వార్డెన్ మేడం దగ్గర వైరు తీసుకొని అన్న ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టాను. తెర మీద మన కుక్కపిల్ల ఫొటో ఉంది. కొంచెం సేపు పక్కన పెట్టి, మళ్లీ తీశాను.

అందులో తిండి లెక్కలు రాసుకునే యాప్ ఉంది. జొన్నరొట్టె అని వెతికితే ఒకటి కాదమ్మా, ఐదు వస్తాయి. ఒకదానికి పద్దెనిమిది, ఒకదానికి ఇరవై ఎనిమిది, తరువాత ముప్పై రెండు, నలభై అయిదు, అరవై. అన్నిటి పేరూ జొన్నరొట్టే. వీటిని పరీక్ష చేసి పెట్టినవాళ్లెవరూ లేరు. ఆ యాప్ వాడే ఎవరైనా వాళ్లింటి రొట్టెకు ఒక అంకె రాసి పెట్టొచ్చు, మిగతావాళ్లు దాన్నే తీసుకుంటారు. రాసినవాళ్ల పేరు ఉండదు. వాళ్లు తూకం వేశారో ఊహించి రాశారో తెలియదు. అరవై అని రాసినవాళ్లు రొట్టె బరువును తెచ్చి పిండి పదార్థం గడిలో పెట్టినట్టున్నారు, ఎందుకంటే దానికి కేలరీలు నూట నలభయ్యే చూపిస్తోంది. నీ కిటుకుతో చూస్తే పిండి పదార్థానికే రెండు వందల నలభై కావాలి కదా.

నలభై అయిదుకు మాంసకృత్తులు ఆరు, కొవ్వు ఒకటి, కేలరీలు రెండు వందల పదమూడు.

ఇక దీన్ని ఇక్కడితో వదిలెయ్యమ్మా. ఎవరో రాశారు. ఎవరో తెలియదు. అంతే.

నిర్మల


కొత్వాల్‌గూడ,
అక్టోబరు 8

ఉడుతా,

బతుకమ్మ సెలవులకు వచ్చి నాలుగు రోజులున్నావు. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మీ అన్న ఫొటో ముందు దీపం పెట్టేటప్పుడు నీ గాజులు మోచేతి దాకా జారాయి. నువ్వు చప్పున చెయ్యి దించావు. నేను చూడనట్టే ఉన్నాను. ఇద్దరం ఒక గదిలో ఉండి మాట్లాడలేని మాటలు కాగితం మీదే మాట్లాడుదాం.

నలభై అయిదు నాలుగులు నూట ఎనభై. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. ఒక తొమ్మిది. అన్నీ కలిపితే రెండు వందల పదమూడు. ఒక్క అంకె తేడా లేదు! నాకు భయమేసింది. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల పొయ్యి మీద, వాళ్ల పెనం మీద అది నిజం రొట్టే అయివుంటుంది. కానీ నా రొట్టె అవునా కాదా? పూర్ణిమ మేడం కూడా అదే అన్నది, "కూడితే సరిపోయిందంటే అంకె తప్పు కాదని తెలుస్తుందండీ. అది మీ రొట్టె అని మాత్రం తెలియదు" అని.

అందుకని ఒక పని చేశాను. దానికి ముందు నీకు ఒకటి చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున మీ అన్న చిన్న కాంటా కొనుక్కొచ్చాడు. పీట పక్కన పెట్టి, "అమ్మా, రొట్టె కాల్చకముందు ముద్దను జర దీని మీద పెట్టు" అన్నాడు. నాకు అప్పటి కూలి పనికి ఆలస్యమవుతోంది, పొగ కళ్లలోకి వస్తోంది. "ఇరవై ఏండ్లు నా చేతి తిండి తిని ఇయ్యాల నా చెయ్యిని కాంటల పెడ్తవారా? నీకు అమ్మ మీద నమ్మకం లేదా?" అన్నాను.  కాంటా తీసి అటక మీద పెట్టాడు. డబ్బా తీసుకొని పోయాడు. డబ్బాలో గోకరకాయ కూర ఉంది, అది వాడికి నచ్చదని నాకు తెలుసు, అయినా అదే వండాను.

ఏడాది దాకా ఆ అటక వైపు చూడలేదు. పోయిన ఆదివారం నిచ్చెన వేసి దించాను. సెల్లు అయిపోయి ఉంది, బాపును పంపి తెప్పించాను. మేడం చెప్పిన తీరుగా కిలో జొన్నపిండి తూకం వేసి, వేడినీళ్లు పోసి పిసికి, ఇరవై ముద్దలు చేశాను. ఒక్కో ముద్దను కాంటా మీద పెడితే బాపు పక్కన కూర్చొని రాశాడు. "గిది చిన్నగైంది. గిది మా అత్త ముద్ద లెక్కున్నది" అంటూ ఒక్కోదానికి పేరు పెట్టాడు. మరునాడు ఆ కాగితం మేడంకు ఇస్తే, ఏ ముద్దలో పిండి ఎంతో ఆమె లెక్క తీసింది.

ఇరవైలో రెండు ఒక్క తీరుగా లేవు బిడ్డా. అన్నిటికన్నా చిన్నదాంట్లో పిండి నలభై గ్రాములు, పెద్దదాంట్లో అరవై మూడు. పిండి పదార్థం చూస్తే చిన్నదాంట్లో ఇరవై ఎనిమిది, పెద్దదాంట్లో నలభై నాలుగు. సగటున ముప్పై అయిదు అన్నది మేడం. నా చెయ్యి మీద నాకున్న గర్వమంతా ఆ కాగితంలో కనపడింది.

తూకం వేయనిచ్చి ఉంటే వాడికి ముప్పై అయిదు దొరికేది. నేను వేయనివ్వలేదు.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఐదు రొట్టెలుంటే వాడు నలభై అయిదే ఎందుకు పట్టుకున్నాడు? ఫోన్‌లో ఏదైనా నింపాలంటే వాడికి విసుగు. ఎవరైనా పెట్టి ఇచ్చారా? నీకేమైనా తెలుసా?

అమ్మ


మహబూబ్‌నగర్,
అక్టోబరు 19

అమ్మా,

నేనే.

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపకుండా రాస్తాను.

అన్న పోవడానికి వారం ముందు నేను కాలేజీలో చేరడానికి బట్టలు సర్దుకుంటున్నాను. అన్న వచ్చి, "నర్సమ్మా, గీ తిండి లెక్కల యాప్ కొత్తగ ఏసుకున్న, మన ఇంట్ల తినేవన్ని ఎక్కించి పో" అని ఫోన్ ఇచ్చాడు. నేను అన్నం, పప్పు, పెరుగు ఎక్కించాను. జొన్నరొట్టె దగ్గర ఐదు వచ్చాయి. నాకు తొందరగా ఉంది. పద్దెనిమిది మరీ తక్కువ అనిపించింది, అరవై ఎక్కువ అనిపించింది. నలభై అయిదు పక్కన ఎక్కువమంది వాడినట్టు ఉంది. అది నొక్కాను. ఒక్క క్షణం పట్టింది. నిన్ను అడగలేదు, తూకం వేయలేదు. నర్సును కాబోతున్నానని అన్న నన్ను నమ్మాడు.

అన్నకే అనుమానం వచ్చి కాంటా తెచ్చాడని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

ఫోన్‌లో ఆ రోజుది ఉందమ్మా. అన్నీ చూశాను. ఒంటి గంట పది నిమిషాలకు "జొన్నరొట్టె, రెండు" అని ఉంది. దాని పక్కన తొంభై. తొంభైకి సరిపడా సూది వేసుకున్నాడు. నీ కాగితం ప్రకారం అందులో ఉన్నది డెబ్బై. ఆ ఇరవై నాది. అన్న నా అంకెను తిన్నాడు, నీ రొట్టెను కాదు.

ఇక్కడ పళ్లెం ముందు కూర్చుంటే ప్రతిదాని మీదా ఒక అంకె కనపడుతుంది. ఇడ్లీకి ఒకటి, అన్నానికి ఒకటి. ఏది నమ్మాలో తెలియదు. మింగుడుపడక లేచిపోతాను. ఆకలి లేదని కాదు.

దీపావళికి రాను. నీకు నా ముఖం చూడాలని ఉంటేనే తరువాత వస్తాను. చెప్పు.

నిర్మల


కొత్వాల్‌గూడ,
అక్టోబరు 27

ఉడుతా, నా బంగారు ఉడుతా,

నీ ఉత్తరం పండుగ మూడు రోజులూ దాటినాక చేరింది. నువ్వెందుకు రాలేదో అప్పటిదాకా తెలియక, పరీక్షలున్నాయేమో అనుకున్నాం. రాను అని ఎట్లా రాశావే? నీ ముఖం చూడకపోతే నేను ఎవరి ముఖం చూడాలి?

ముందు ఒకటి చెప్తాను. కూర్చొని చదువు.

మీ అన్న ఆ రెండు రొట్టెలూ తినలేదు.

ఆ సాయంత్రం ఉపేందర్, వాడితో కార్గోలో పనిచేసే పిల్లగాడు, బండి నుంచి డబ్బా తీసుకొచ్చి ఇచ్చాడు. అందరూ వాకిట్లో ఉన్నారు. నేను వంటింట్లో ఒక్కదాన్నే మూత తీశాను. రెండు రొట్టెలూ మడత విప్పకుండా ఉన్నాయి. కూర ముట్టలేదు. నాకు ఒక్కటే తోచింది, నేనన్న మాటకు అలిగాడు, గోకరకాయ చూసి మూత పెట్టేశాడు, అమ్మ మీద కోపంతో ఖాళీ కడుపుతో పోయాడు అని. డబ్బా కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు. మరునాడు దవాఖానలో "ఏం తిన్నాడు?" అంటే "రొట్టె" అన్నాను. కూర పారేశాను కానీ రొట్టెలు పారేయబుద్ధి కాలేదు. జొన్నరొట్టె ఎండితే చెడదు. బియ్యం డబ్బాలో దాచి, రోజూ ఇంత తుంచుకొని నేనే తిన్నాను. పదకొండో రోజుకు అయిపోయాయి.

నువ్వు అబద్ధం రాయనన్నావు, ఇది నా అబద్ధం.

ఇప్పుడు నీ ఉత్తరం చదివి చూడు. ఒంటి గంట పదికి రెండు రొట్టెలు అని వాడే రాశాడు. అలిగినవాడు ఎందుకు రాస్తాడు? తినాలనుకున్నవాడే రాస్తాడు.  నిన్న డ్యూటీ దిగాక శంషాబాద్ బస్టాండు దగ్గర ఉపేందర్ కోసం నిలబడ్డాను. ఊళ్లో ఉన్న పుడలన్నిటి గురించీ అడిగాను కానీ, వాడిని ఈ ఒక్కటి అడగడానికి ఏడాది భయపడ్డాను.

వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తాను. "పెద్దమ్మా, ఒంటి గంటకు కూసున్నం. జగ్గన్న సూది ఏసుకున్నడు, ఫోన్ల రాసిండు, డబ్బ మూత తీసిండు. అప్పుడే పిలుపొచ్చింది, మందుల పెట్టెలు దిగినయి, సల్లగ ఉండాలె, ఎండల పెట్టొద్దు అని. 'అన్నా, ముందు తిను' అన్న. 'ఐదు నిమిషాల్ల వస్తరా, నా డబ్బ ముట్టకు. మా అమ్మ రొట్టె సల్లారినా మెత్తగనే ఉంటది' అన్నడు. ఐదు నిమిషాలు కాదు, గంటన్నర, డ్యూటీ దిగేదాక అయింది. నేను ఇంకో గేటు దిక్కు పోయిన. తిన్నవా అని అడగలే పెద్దమ్మా." అని రోడ్డు మీదే ఏడ్చాడు. "నువ్వేం జేస్తవురా" అని నా కొంగుతో వాడి ముఖం తుడిచాను.

గోకరకాయ గురించి ఏమన్నా అన్నాడా అని కూడా అడిగాను. "'ఇయ్యాల గోకరకాయ, అమ్మకు కోపమొచ్చింది' అని నవ్విండు" అన్నాడు.

నవ్వాడంట.

ఇప్పుడు లెక్క చూడు. నువ్వు తొంభై పెట్టావు. నేను తూకం వేయనిచ్చి ఉంటే డెబ్బై వచ్చేది. కడుపులోకి పోయింది మాత్రం సున్నా. మన డాక్టరును కూడా అడిగాను. సూది వేసుకొని ఏమీ తినకుండా గంటన్నర బరువులు మోస్తే, సరైన లెక్క ఉన్నా షుగర్ పడిపోతుందమ్మా అన్నాడు. నీ అంకె ఒప్పు అని నేను అనను. తొందరలో నొక్కావు, నేను పొగరుతో కాంటా పక్కకు తోశాను. ఇద్దరం చేసింది తప్పే, ఇద్దరం నేర్చుకున్నాం. కానీ మీ అన్నను తీసుకుపోయింది నీ వేలు కాదు బిడ్డా. ఆ ఇరవైని మెడలో కట్టుకొని తిరగకు.

రేపు నువ్వు నర్సువవుతావు. వార్డులో ఎవరికైనా సూది వేస్తే, కాగితం మీద తిన్నాడు అని రాసి ఉందా అని చూడకు. మొదటి ముద్ద నోట్లోకి పోయేదాకా మంచం పక్కన నిలబడు. ఎవరు పిలిచినా పోకు.

కాంటా ఇప్పుడు పిండి డబ్బా పక్కనే ఉంది. కౌసల్యమ్మ పెనిమిటికి కూడా షుగర్ ఉందట, ఆమె రోజూ వచ్చి "నీ ముద్ద ఎంత తూగింది, నా ముద్ద ఎంత తూగింది" అని పోటీ పెడుతుంది. నా చెయ్యి కూడా దారికి వస్తున్నది. నిన్న చేసిన ఆరింటిలో నాలుగింట్లో పిండి లెక్క యాభై దగ్గరే వచ్చింది.

ఆ ఆరు రొట్టెలూ మంజుల వాళ్లమ్మతో పంపుతున్నాను. పల్లీల పొడి చిన్న సీసాలో పెట్టాను. గోకరకాయ కూర పెట్టలేదు, నీకూ నచ్చదు కదా. నీకు షుగర్ లేదు, సూది లేదు, నీ పళ్లెంలో ఏ అంకే అక్కరలేదు. మంజులను పక్కన కూర్చోబెట్టుకో, ఫోన్ పెట్టెలో పెట్టు.

కడుపునిండా తిను బిడ్డా.

మీ అమ్మ